ఎవరన్నారు మా పెద్దమ్మకు ఓపిక ఎక్కువని?

పెద్దమ్మ పోయిందని పొద్దున్నే గౌడవెల్లి నుంచి అన్న ఫోన్ చేశాడు. జ్వరం వచ్చిందట, తగ్గకుండానే పోయింది. మేడ్చల్‌లో బస్సు దిగి, ఆటో పట్టుకుని నేను చేరేసరికి వాకిట్లో చాపలు పరిచి ఉన్నాయి. ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. కాస్త తేరుకున్నాక చుట్టాల నోట చెవిన పడిన మొదటి మాట ఇది: "మస్తు ఓపికున్న మనిషి. గింత పెద్ద సంసారం ఈదింది, ఒక్కనాడు గుడ నోరు లేపలే."

నాకు ఒళ్లు మండింది. శవం ముందు గొడవెందుకని ఊరుకున్నాను గానీ, ఇక్కడ ఊరుకోను. నోరు లేపలేదా? మా పెద్దమ్మ వాకిట్లో అరిస్తే వీధి చివరికి వినిపించేది. ఆమెను గయ్యాళి అన్నది మీరే కదా! ఆ నోరు లేకపోతే మా ఇంట్లో ఎవరెవరు మిగిలేవాళ్లమో నాకు తెలియదు.

తొంభైల చివర్లో పెద్దనాయిన కుటుంబం, మా కుటుంబం ఒకే ఇనుప రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. పెద్దనాయిన పొలం చూసుకునేవాడు, మా నాయిన సైకిల్ మీద ఫ్యాక్టరీకి పోయేవాడు. వంట మా అమ్మది, బట్టలు పెద్దమ్మవి. ఆరేయడానికి రేకుల కింది పైపు నుంచి గోడ దాకా ఇనుప తీగ ఉండేది. బొంతల బరువుకు తాడు ఆగదని మగవాళ్ల తీర్మానం.

వాన పడితే ఆ తీగ ముట్టుకోగానే జుమ్మనేది. "అర్తింగ్ వస్తాంది, చెప్పులేస్కో" అనేవారు, లీకయ్యే కరెంటుకు మా దగ్గర అదే పేరు. అంతే! మా వైపు ఏ ఇంట్లో చూసినా ఇదే వైద్యం. కూలర్ జుమ్మంటే చెప్పులు, నీళ్ల మోటారు జుమ్మంటే చెప్పులు. పక్కనే ఒక జత రబ్బరు చెప్పులు ఉంచేవారు, ఇంటిల్లిపాదికీ కలిపి. పిల్లలమైతే ఒకరి చేయి ఒకరం పట్టుకుని, ఆ జుమ్మనడం ఎవరి దాకా వస్తుందో చూసి ఆడుకునేవాళ్లం. పెద్దవాళ్లు నవ్వేవారు. ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పటికీ కోపం తన్నుకొస్తుంది.

ఒక వానాకాలం, పెద్దమ్మ తడి చీర తీగ మీద వేయబోతే కరెంటు ఆమెను విసిరికొట్టింది. మోచేయి చీరుకుపోయింది. మా అమ్మ పసుపు పెడుతుంటే పెద్దనాయిన, "చెప్పులేస్కొమ్మంటే ఇనవు. అందరికి అలవాటైంది, నీకే కాలే" అన్నాడు.

పెద్దమ్మ చేయి విదిలించుకుని లేచింది. "కరెంటు కొట్టుడు గుడ అలవాటైతదా? పొల్లగాండ్లు గా తీగె పట్టుకొని ఆడుతున్నరు. రేపొకడు సల్లవడ్డంక గుడ చెప్పులేస్కోలేదనే అంటవా?"

"తీరికైనప్పుడు మేస్త్రిని పిలుస్త తియ్యి."

"అట్లనా? ఇగ బట్టలు గుడ నీకు తీరికైనప్పుడే ఆర్తయి."

అన్నంత పనీ చేసింది. ఉతికేది, పిండేది, బకెట్లలో పెట్టేది. ఒక్క గుడ్డ ఆరేయలేదు, మా అమ్మను ఆరేయనివ్వలేదు. మగవాళ్లే ఆరేసుకోవచ్చు కదా అంటారేమో. ఆడవాళ్ల పని ముట్టుకుంటే పరువు పోదూ! ఆ తీగంటే వాళ్లకూ లోపల భయమేనని నా అనుమానం. పెద్దనాయిన తడి ధోతి ముక్కవాసన కొడుతుంటే అలాగే కట్టుకుని పొలం పోయాడు. మా నాయిన తడి ప్యాంటుతో డ్యూటీకెళ్లి, వచ్చి బతిమాలాడు. "వదినె, షిఫ్టుల అందరు నగుతున్నరు."

"నగనీ మరిదీ. నగితే సావరు."

చివరికి కరెంటు మేస్త్రి వచ్చాడు. టెస్టర్ తీగకు పెట్టాడు, వెలిగింది. రేకుకు పెట్టాడు, అక్కడా వెలిగింది. రేకు బొక్కలోంచి వైరు లోపలికి వచ్చేచోట పైతోలు ఒరుసుకుపోయి ఉంది. "రేకు మొత్తం కరెంటేనే అన్నా" అన్నాడు పెద్దనాయినతో. "వానల ఎవరన్న గట్టిగ పట్టుకుంటె ఇడ్వదు."

వైరు మార్చారు. గుంత తవ్వి, లీకైన కరెంటు నేలలోకి పోయేలా ఎర్తింగ్ వేశారు. రెండు కర్ర గుంజలకు నైలాన్ తాడు కట్టారు. ఆ ఎర్తింగ్ గుంత ఎండిపోకుండా పెద్దమ్మ రోజూ చెంబెడు నీళ్లు పోసేది, తులసికి పోసినట్టే. ఆమెను మాత్రం ఎవరూ మెచ్చుకుంటూ ఒక్క మాట అనలేదు. పైగా పెద్దనాయిన, అంతా తానే దగ్గరుండి చేయించానని ఊళ్లో చెప్పుకున్నాడు!

తర్వాత ఏ ఇంటికి పోయినా ఆమె కళ్లు కూలర్ పక్కన చెప్పులున్నాయా అనే వెతికేవి. పేట్ బషీరాబాద్‌లో నేను అద్దెకు దిగినప్పుడు చూడడానికొచ్చి, అక్కడి కూలర్ పక్కనా చెప్పులు చూసి, ఓనర్‌ను మేడ మీద నుంచి కిందికి పిలిపించింది. "బిడ్డా, ఉత్త కాళ్ల తోని గీ కూలర్ మీద చెయ్యి పెట్టు. నువ్వు పెడ్తె నా బిడ్డ గుడ పెడ్తది." ఆయన పెట్టలేదు. సాయంత్రానికల్లా మేస్త్రిని పంపాడు. నేను సిగ్గుతో తలవంచుకుంటే, "సిగ్గెందుకే? ఆయనకుండాలె" అంది.

ఆమెను తీసుకెళ్లి వచ్చాక వాన మొదలైంది. అందరూ చాపలు లాక్కుని రేకుల కిందికి జరిగారు. మళ్లీ అదే ముచ్చట, ఎంత ఓపిక, ఎంత శాంతం. అన్న తన చిన్న కూతుర్ని చంకనేసుకుని చూరు కింద నిలబడ్డాడు. ఆ పిల్ల ఒంగి, తడిసిన చేత్తో రేకు అంచును గట్టిగా పట్టుకుంది. రెండో చేత్తో కారే నీళ్లు పట్టి వాళ్ల నాయిన ముఖాన కొడుతోంది. ఎవరూ వద్దనలేదు. వద్దనాల్సిన కాలం ఒకటుండేదని ఆ పిల్లకు తెలియదు. రేకును అలాగే పట్టుకుని కిలకిలా నవ్వుతోంది.