దొరగారి కొత్త తొట్టి

బ్యాంకు మేనేజరు కొత్త ప్యాంటు తెచ్చి దర్జీ బల్ల మీద విసిరికొట్టాడు. "గుండీ పట్టడం లేదు. కుట్టడం చేతకాకపోతే కొట్టు మూసుకో!" అని వీధంతా వినేలా అరిచాడు. దర్జీ తొణకలేదు. కొలతకని ఆయనే ఇచ్చిన పాత ప్యాంటు తీసి, కొత్తదాని మీద పరిచాడు. నడుముకు నడుము, పొడవుకు పొడవు సరిపోయాయి.

"ఈ పాతది ఒక్కసారి తొడుక్కుని రండి సార్."

మేనేజరు తెర వెనక్కి వెళ్ళాడు. చాలాసేపు రొప్పులు వినిపించాయి. బయటికొచ్చి, "రెండూ కాస్త వదులు చెయ్యి" అన్నాడు నేల చూస్తూ.

మూల కూర్చుని కాజాలు కుడుతున్న దర్జీ మేనత్త పెదవి బిగబట్టి నవ్వుకుంది. మేనల్లుణ్ణి మెచ్చుకుంటే నెత్తికెక్కుతాడని, "సూది ఇటివ్వరా, కబుర్లు చాలు" అంది. వాడికి గళ్ళగుడ్డ మీద సూది పట్టడం నేర్పింది ఆవిడే. ఆ తర్వాత మెడలో టేపు లేకుండా వాడిని చూసినవాళ్ళు లేరు. నోరు నెమ్మది, చెయ్యి కచ్చితం. ఒక్క కొట్లో పెంచుకునే చేప విషయంలోనే మనిషి మెత్తబడిపోతాడు.

కొలతలిచ్చేటప్పుడు తల్లుల వెంటొచ్చిన పిల్లలు ఏడవకుండా ఉంటారని వేలెడంత చేపను తెచ్చి అద్దాల తొట్టిలో పెట్టాడు. అది తింది, పెరిగింది, జానెడు దాటిపోయింది. ఇప్పుడు పిల్లలు దాన్ని చూసే ఏడుస్తున్నారు. నల్లటి ఒళ్ళు, ముడుచుకున్న మూతి, ఎవరినీ లెక్కచెయ్యని చూపు. అందుకే దానికి దొరగారని పేరు. తొట్టిలో తిరగడానికి చోటులేక, తోక అద్దానికి రాసుకుని చివర చిరిగింది. ఇంకొన్నాళ్ళుంటే బతకదని దర్జీకి తెలుసు. తీసేటప్పుడు జారి పడినా బతకదనీ తెలుసు.

మూసేసిన హోటలు నుంచి పెద్ద తొట్టి తెచ్చాడు. కుళాయి నీళ్ళ ఘాటు పోవాలని ముందే నింపి ఉంచాడు. పాత తొట్టి నీళ్ళు కొన్ని కలిపాడు. అంతా పద్ధతిగానే చేశాడు. వల మాత్రం వద్దన్నాడు. "రెక్కలు చిక్కుకుంటాయత్తా, పొలుసులూడతాయి. సంచి కుడతాను."

కుట్టాడు. ఎర్రటి కొత్త గుడ్డ, రెండు వరసల కుట్టు, మూతికి తీగ, అంచుకు గోటు.

"చేపకా, పెళ్ళికూతురికా?" అంది మేనత్త. "జేబు కూడా పెట్టకపోయావూ!"

పాత తొట్టిలో నీళ్ళు సగం తోడేసి, దాని దీపం ఆర్పి, సంచి మెల్లగా దొరగారి కిందికి జార్చాడు. నీళ్ళతో సహా ఎత్తి, పక్కనున్న టబ్బులో ఉంచాడు. కొత్త నీళ్ళు కొంచెం కొంచెం పోసి అలవాటు చెయ్యాలని వాడి ఆలోచన. గ్లాసు ముంచుతుండగానే మిషను దగ్గరున్న వాడి పెళ్ళాం కెవ్వుమంది.

"రక్తం! అయ్యో, చంపేశారండీ!"

టబ్బులో నీళ్ళు ఎర్రబడుతున్నాయి. గ్లాసు దర్జీ చేతిలోనే ఉండిపోయింది. మేనత్త మాత్రం వేలు ముంచి, వాసన చూసి, గోడకు రాసింది.

"రక్తం కాదే కోడలా, రంగు. ఒరేయ్, గుడ్డ ముందు తడిపావా?"

వాడు ఎర్ర సంచి వంక చూశాడు.

"వచ్చిన ప్రతివాళ్ళకీ తడిపి తెమ్మని పాఠం చెప్తావే! నీ గుడ్డకు మాత్రం రంగు పోదనుకున్నావురా? కదులు! ఆ రంగులో ఏ మందుందో!"

ఉతికి ఉతికి రంగన్నదే మరిచిపోయిన పాత దుప్పటి లోపలుంది. కోడలు పరుగున తెచ్చి తడిపింది. ఒక కొస మేనల్లుడు, ఒక కొస మేనత్త పట్టుకుని, దొరగారిని ఉయ్యాలలా ఎత్తి పెద్ద తొట్టిలోకి దించారు. దిగుతూ దిగుతూ ఆయన తోకతో దర్జీ చెంప ఛెళ్ళుమనిపించాడు. మేనేజరుకు కూడా దక్కని భాగ్యం!

ఆ తర్వాత మాత్రం చేప అడుగుకు పోయి, మూల ఒరిగి పడుకుంది. మేత వేస్తే చూడలేదు. మొప్పలు ఆగి ఆగి కదులుతున్నాయి. దర్జీ తొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు. కోడలు మిషను తొక్కడం మానేసింది. మేనత్తకు కూడా మాట రాలేదు. కాజా గుడ్డ ఒళ్ళో అలాగే ఉంది.

"అత్తా" అన్నాడు దర్జీ.

"ఏమిట్రా?"

"అందరూ ఊరుకునేసరికి కొట్టు కొట్టులా లేదు. దానికీ భయమేస్తోందేమో. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి నీ గొంతు వింటూ పెరిగింది కదా."

"అయితే ఇప్పుడేం చెయ్యమంటావు?"

వాడు తొట్టి మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు:

"నన్ను ఒక్కసారి తిట్టవా అత్తా, రోజూ తిట్టినట్టే, గట్టిగా."