సన్నమ్మ సీటు

ముప్పై ఏళ్ల క్రితం ఒక కాగితం మీద వేలిముద్ర వేశాను. దాని బరువు ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా ఆయన పోయేటప్పుడు పక్కనే కూర్చుని కూడా చెప్పలేదు. చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నర్సీపట్నంలో దొరల కాలం నాటి ఇంగ్లీషు హాస్టలు బడిలో నేను ఆయాని. ఈ ఏడు పాత విద్యార్థుల సభ జరుగుతుంది. బడి చరిత్ర పుస్తకం వేస్తున్నారు. ఏ దొర గోడ కట్టాడు, ఏ దొరసాని గంట తెచ్చింది, ఇక్కడ చదివి ఎవరెవరు గొప్పవాళ్లయ్యారు, అన్నీ అందులో ఉంటాయట. ఆ గొప్పవాళ్ల పేర్లు పెద్ద హాల్లో చెక్కబోర్డు మీద బంగారు రంగుతో రాసి ఉంటాయి. ఆ బోర్డు దుమ్ము ఏళ్ల తరబడి తుడిచాను. చదవలేదు. యాభై ఎనిమిదో ఏట నా కూతురు అక్షరాలు నేర్పాక ఒక్కో పేరూ కూడబలుక్కున్నాను. మూడో వరుసలో ఆ పేరు కనబడగానే చేతిలో గుడ్డ విసిరికొట్టాను.

ఆమె ఇప్పుడు పెద్ద డాక్టరు. అప్పుడు పన్నెండేళ్ల పిల్ల, బడి కమిటీ పెద్దగారి అమ్మాయి.

గాజు బీరువాలో మొదటి దొర ఇచ్చిన వెండి కప్పు ఉండేది. ఆటల్లో గెలిచిన జట్టు ఏడాదికొకసారి అందులో నిమ్మరసం తాగాలి. మిగతా రోజుల్లో ఎవరూ ముట్టుకోకూడదు. ఆ ఏడు ఓడిపోయిన ఉక్రోషంతో ఈ పిల్ల కప్పు తీసి కుళాయి నీళ్లు తాగింది. కప్పు చేజారి రాతి మీద పడి అంచు వంగింది. నేను హాస్టల్లో మంచాల కింద తుడుస్తుంటే వచ్చి, సన్నమ్మ రేకుపెట్టెలో కప్పు దాచింది. మొహం చూశాను. స్పష్టంగా చూశాను.

సన్నమ్మ చింతపల్లి కొండల పిల్ల. బడిలో పేద పిల్లకిచ్చే ఫ్రీ సీటు ఒక్కటే. అందులో చేరిన మొదటి కొండపిల్ల ఆమె. కప్పు ఆమె పెట్టెలో దొరకగానే తండ్రికి కబురు పెట్టారు. ఆయన పనసకాయ భుజాన వేసుకుని వచ్చాడు. దాన్ని గుమ్మం దగ్గరే దించమన్నారు.

వార్డెనమ్మగారు కాగితం చదివి వినిపించారు. సన్నమ్మ కప్పు దాస్తుంటే నేను చూశానని అందులో ఉంది.

"ఇదేనా నువ్వు చూసింది?"

తడి చేతులు కొంగుకి తుడుచుకున్నాను.

"నీ కూతురికి ఎన్నేళ్లే?" ఇంకు డబ్బా మూత తీస్తూ అడిగారు.

"పదేళ్లండి."

"చురుకైన పిల్ల. సీటు ఖాళీ అయితే అలాంటి పిల్లకే ఇవ్వాలి."

సన్నమ్మ నా కొంగు పట్టుకుంది. "ఆయమ్మా, నాను తియ్యలేదని నీకు తెలుసు కదేటి. మంచం కిందే ఉన్నావు. సెప్పు. బేగి సెప్పు."

"ఆయమ్మగారూ, ఊటనీళ్లు దోసిట్లో తాగే గుంటండి ఇది. ఆ కప్పు మాకేటికండి?" అన్నాడు తండ్రి. నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు.

కొంగు లాక్కున్నాను. బొటనవేలు ఇంకులో ముంచాను.

తర్వాత అడిగినవాళ్లతో ఏమన్నాను? "సదువు రాని దాన్ని, అందులో ఏటి రాసేరో నాకేటి తెలుసు" అన్నాను. అందరూ జాలిపడ్డారు. ఆ జాలి తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది. చదవడం రాకపోతే వినడం కూడా రాదా? కళ్లు లేవా నాకు? వార్డెనమ్మగారి ఫొటోకి ఇప్పటికీ దండ వేస్తారు. ఆ డాక్టరు పోయినసారి సభలో, నిజం చెప్పడం ఈ బడే నేర్పిందని మైకు పట్టుకుని చెప్పింది. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. వాళ్ల మీద ఇంత కోపం తెచ్చుకుని నా పాపాన్ని వాళ్లకి పంచుతున్నానా? కావచ్చు. కానీ ఆ వేలు నాది. ఎవరూ పట్టుకుని అద్దలేదు.

నాలుగేళ్ల తర్వాత సంతలో ఆ తండ్రి పసుపు అమ్ముతూ కనబడ్డాడు. పిల్ల చదువుతోందా అని అడగడానికి ఒక్క మాట చాలు. మొహం తిప్పుకుని వచ్చేశాను.

నా కూతురు ఆ సీటులో చదివింది. అదే బళ్లో టీచరయింది. ఆదివారం మధ్యాహ్నాలు పక్కన కూర్చుని, వేలు పట్టుకుని నాకు అక్షరాలు దిద్దించింది. అదే వేలు. మరి ఈ అక్షరాలు ఎవరివి?

చరిత్ర పుస్తకానికి పాత ఆయా జ్ఞాపకాలు ఒక పేజీ రాసివ్వమన్నారు. ఇదే ఇస్తున్నాను. పేరు పెట్టడం లేదు. అయినా కాగితాలు టైపు చేసేది నా కూతురే. తను దిద్దించిన రాత మొదటి వరుసలోనే గుర్తుపడుతుంది. తన సీటు ఎవరిదో తెలుస్తుంది. తెలియాలి. ఆ తర్వాత నాతో మాట్లాడకపోతే మానేయనీ. అచ్చు వేస్తారో, చింపేస్తారో వాళ్లిష్టం. క్షమించమని నేనెవర్నీ అడగను.

బోర్డు మీద లేని పేరు ఒకటి నా చేత్తో రాస్తున్నాను. సన్నమ్మ. కప్పు ఆమె తీయలేదు. నేను చూశాను.