పళ్ళతో విన్న పిలుపు

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. నమ్మే వీలు కూడా లేదు. ఎల్లారెడ్డిలో తిరిగే దయ్యాల్లో సగం నేను కథలల్లి పుట్టించినవే. ఇప్పుడు రాయబోయే సంగతి చెబితే ఇంట్లోవాళ్ళే నవ్వుతారు. నవ్వినా సరే, జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మా అన్న లచ్చయ్య వడ్రంగి. నాలుగేళ్ళప్పుడు జ్వరం వచ్చి చెవులు పోయాయి. మాటలు రెండో మూడో మిగిలాయి, తక్కినవన్నీ చేతులతోనే చెప్పేవాడు. మరుసటేడు నేను పుట్టాను. పదోరోజున మమ్మల్ని కన్నతల్లి, మా అవ్వ, పోయింది. మేనత్త పెంచింది.

యుద్ధం మొదలైందని జనం చెప్పుకుంటున్న రోజులవి. కామారెడ్డి స్టేషనులో ఉండే ఒక గార్డు దొర గిటారు విరిగిపోయింది. ముక్కలు మూటగట్టి అన్నకిచ్చి, అదే కొలతతో కొత్తది చేయమన్నాడు. నాగళ్ళు చేసేవాడు వాయిద్యం చేస్తాడట అని ఊరంతా ఎగతాళి. అన్న పట్టించుకోలేదు. వినబడితే కదా.

పని ఇంటి వెనక సాయబాను పంచలోనే. జిట్రేగి చెక్కను నానబెట్టి, కాలిన ఇనుప గొట్టం మీద పక్కలు వంచాడు. పైపలకకు రైల్లో వచ్చిన పెట్టె తాలూకు దేవదారు చెక్క. మోతంతా ఆ పలక మందంలోనే ఉంటుంది. చెవులున్నవాడు తట్టి వింటాడు. అన్న పలక అంచును పళ్ళతో పట్టుకుని తట్టేవాడు. దవడలో పుట్టే అదురును బట్టి మళ్ళీ రందాతో చిత్రిక పట్టేవాడు.

ఒక మధ్యాహ్నం పలక పళ్ళ మధ్య ఉండగానే కదలకుండా ఉండిపోయాడు. వేలు తట్టడం లేదు. కళ్ళ వెంట నీళ్ళు.

"అవ్వ..." అని పలకను చూపించి, తన రొమ్ము తట్టుకున్నాడు. "నన్ను."

లాక్కుని నేనూ కరిచాను. దవడ ఎముకలో ఆడమనిషి గొంతు, తీరిగ్గా: "ముత్తెమూ... ఓ ముత్తెమూ..." తీసేస్తే ఏమీ లేదు. కరిస్తే మళ్ళీ అదే. బయటకు పోయి చూశాను. ఎండకు వాకిళ్ళన్నీ ఖాళీ. ఆ పేరుగల మనిషి మా వాడలోనే లేడు.

మేనత్త చాట పట్టుకుని వచ్చింది. "ఏందిరా, చెక్కలు కొరుకుతున్నరు? రొట్టె సాలలేదా?"

"అత్తా, ముత్తెం ఎవలే?"

చాట కింద పెట్టింది. "గా పేరు నీకెవలు చెప్పిండ్రు? నిన్ను తొట్లెల ఏసేనాడు పెడ్తనని మీ అవ్వ అనుకున్న పేరది. ముందే పలుకొద్దని నా ఒక్కదాని చెవులనే చెప్పింది. తొట్లె కాకముందే పాయె. నేను మీ బాపుకు గూడ చెప్పలే."

అన్నకు అందింది గొంతు, మాట కాదు. మా మొహాలు చూస్తూ మళ్ళీ రొమ్ము తట్టుకున్నాడు, నన్నే కదా అన్నట్టు.

అత్త నోరు తెరవబోయింది. ఆమె కాలు తొక్కాను.

"నిన్నే అన్నా," అని తలూపాను.

పొద్దు వాలేదాకా ఆ పలకను వదల్లేదు అన్న. తర్వాత రందా తీశాడు. మోగాలంటే పలక ఇంకా పలచబడాలి, దొరకు మాట ఇచ్చాం, నేను కడుపునిండా విన్నాను అని చేతులతో చెప్పాడు. ఇంకొక్కసారి కరుస్తానని అడిగితే ఇచ్చేవాడే. ఎందుకని కూడా అడిగేవాడు. నేను అడగలేదు. పొట్టు రాలుతుంటే చూస్తూ కూర్చున్నాను.

పనయ్యాక మళ్ళీ కరిచి తట్టాడు. మోత బాగుందన్నాడు. ఇక మోతే ఉంది, గొంతు లేదు.

గిటారు దొరతోపాటే బదిలీ మీద ఎటో పోయింది. నాకెవరూ పెట్టని పేరు ఆ పెట్టె చెక్కలోకి ఎట్లా వచ్చిందో ఈనాటికీ తెలియదు. అన్న మాత్రం బతికినన్నాళ్ళూ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ రొమ్ము తట్టుకుంటూ చెప్పేవాడు. ఆ చేతుల మాట అర్థంకాని వాళ్ళకు పక్కన కూర్చుని నేనే చెప్పేవాణ్ణి:

"మా అవ్వ మా అన్నను పిలిచింది."