నేను పెట్టేసిన ఫోన్

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకం నేను. "చాల్లెండి" అనేసి చెప్పులు వేసుకుంటాను. ఇప్పుడు చెప్పేది నాకే జరక్కపోయుంటే దీన్నీ అలాగే కొట్టిపారేద్దును.

అరవైల్లో ఖరగ్‌పూర్‌లో, నిమ్‌పురా రైల్వే యార్డు ఆఫీసులో గుమస్తాగా ఉండేవాణ్ణి. యార్డు ఆ చివర రేకుల గుడిసెలో అప్పలస్వామి అనే పెద్దాయన కూర్చుని, వచ్చిన వ్యాగన్ల నంబర్లు ఫోన్లో చెప్పేవాడు. నేను రాసుకునేవాణ్ణి. ఆ లైనుకు గంట లేదు. బండి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అందుకని పొద్దున్న డ్యూటీ ఎక్కగానే ఇద్దరం రిసీవర్లు ఎత్తేవాళ్ళం, సాయంత్రం దాకా పెట్టకూడదు. నేను పెట్టేస్తే ఆయన ఎంత అరిచినా నాకు వినిపించదు.

మధ్యమధ్య ఆయన "ఉన్నావేట్రా?" అనేవాడు. "ఉన్నాను బాబాయ్" అనేవాణ్ణి. అంతే. శ్రీకాకుళం నుంచి కొత్తగా వచ్చినవాణ్ణి. పూరీ గేట్ దగ్గర అద్దె గదిలో గోడలతో మాట్లాడుకునేవాణ్ణి. రోజు మొత్తంలో నన్ను పలకరించే మనిషి ఆయనొక్కడే. ఆయన ఇటు రాడు, నేను అటు వెళ్ళను. ఆర్నెల్లయినా మొహం చూడలేదు.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం రెండు దాటాక గాలివాన విరుచుకుపడింది. అక్కడివాళ్ళు కాల్‌బైశాఖి అంటారు. ఫోన్లో ఎప్పుడూ ఉండే గుయ్‌మనే చప్పుడు ఆగిపోయింది. "బాబాయ్, బాబాయ్" అన్నాను. జవాబు లేదు. పది నిమిషాలు చూశాను. చెయ్యి నొప్పెట్టింది. లైను ఎలాగూ చచ్చింది కదా అని పెట్టేశాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, పక్క గదిలో కూర్చుని టీ తాగాను. ఆయన ఎలా ఉన్నాడో చూసి రమ్మని ఒక మనిషిని పంపాలని తోచనే లేదు.

ఐదింటికి ఫోను తీగ బాగుచెయ్యడానికి లైన్‌మన్ వెళ్ళేసరికి గుడిసె కప్పు కూలి, దూలం ఆయన కాలి మీద పడి ఉందట. చెవి పక్కనే రిసీవరు.

మర్నాడు రైల్వే ఆస్పత్రికి వెళ్ళాను. తిట్లు తినడానికే వెళ్ళాను. గొంతు విని నేను ఊహించుకున్నదానికంటే చిన్న మనిషి. నా చెయ్యి పట్టుకుని పక్క మంచం ఆయనతో చెప్పాడు: "ఈ గుంటడే. నొప్పికి కళ్ళు మూతలు పడిపోతంటే, ఉన్నావేట్రా అని అడిగినప్పుడల్లా ఉన్నాను బాబాయ్ అన్నాడు. మూడు గంటలు లైను ఒగ్గేయలేదు. లేపోతే సచ్చిపోదును."

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"మద్దెలో దగ్గినావు కూడాను. కషాయం తాగమన్నాను కదా, తాగినావేటి?" అన్నాడు.

నాకు దగ్గు మొదలైంది వానలో తడిసి ఇంటికి వెళ్ళాక, ఆ రాత్రి.

లైన్‌మన్ బెంగాలీ ఆయన. బయట పట్టుకుని లైను సంగతి అడిగాను. తీగ మూడు చోట్ల తెగి నీళ్ళలో పడి ఉందని, కొత్త తీగ లాగాల్సి వచ్చిందని చెప్పాడు. నొప్పిలో బాబాయ్ ఏదో కలవరించాడులే అని సరిపెట్టుకుందామంటే ఆ దగ్గు అడ్డొస్తుంది.

కాలు నయమయ్యాక ఆయన మళ్ళీ ఆ గుడిసెకే వచ్చాడు. ఆయన రిటైరయ్యేదాకా ఆ లైను మీదే ఇద్దరం. "ఆవేళ నేను పెట్టేశాను బాబాయ్" అని చెబుదామని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. చెబితే ఇంకెప్పుడూ "ఉన్నావేట్రా" అనడేమోనని భయం. చెప్పలేదు.

ఇప్పుడాయన లేడు. ఆ మూడు గంటలూ ఆయనకు పలికింది ఎవరో ఈనాటికీ నాకు తెలియదు. ఎవరైతేనేం, నాకంటే నయం.