గన్ను దగ్గరి మూరెడు పైపు

గోడలకు రంగు చిమ్మే మా మిషనుకు పొడవాటి పైపు ఒకటి ఉంటుంది. దాని చివర, గన్ను తగిలించేచోట, మెత్తగా వంగే మూరెడు పైపు ఇంకొకటి. చెయ్యి ఎటు తిరిగితే అటు తిరగాల్సింది ఈ మూరెడే కాబట్టి ముందు అరిగేదీ ఇదే. లింగాల ఘనపూర్ దాటాక ఒక గోదాము పని ఒప్పుకునేనాటికి దాని పైతోలు లేచిపోయి లోపలి అల్లిక కనిపిస్తోంది. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, బైండింగ్ వైరు బిగించాం.

"దీన్ని జర దవాఖాన్ల షరీక్ చేస్తే అయిపోతది," అన్నాను. నవ్వుకోవడం అయ్యాక పని మొదలుపెట్టాం.

మేం అంటే నేనూ, నాకు పని నేర్పిన అన్నా. తరిగొప్పుల వైపు తండా ఆయనది. ఆయన గన్ను పట్టుకుంటే గోడ మీద ఎక్కడ ఆగాడో, ఎక్కడ మళ్లీ మొదలుపెట్టాడో కనిపెట్టలేం. నేను కొట్టిన గోడ మాత్రం చీమిడి కారుతున్నట్టుండేది.

రెండో గోడ చివరికొచ్చేసరికి ట్యూబు కట్టు పక్కనుంచి దారమంత సన్నగా తెల్లరంగు చిమ్మింది. ఆయన మిషను ఆపలేదు. పొలంలో మోటారు పైపుకు చిల్లు పడితే మా దగ్గర ఎవరైనా చేసేదే చేశాడు. చూపుడువేలు అడ్డం పెట్టాడు. పొలం పైపులో నీళ్లు వేలిని తోస్తాయి. ఈ మిషను రంగును వేలిలోకి తోస్తుంది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలియదు.

నెత్తురు రాలేదు. వేలి కొసన సూది గుచ్చినంత చుక్క.

"ఏమైందే అన్నా?"

"ఏం గాలే. చీమ కుట్టినట్టయింది."

"లోపల సున్నమేసి పోయిందేమో సూడు."

ఆయన నవ్వాడు. నేను ఇంకా బాగా నవ్వాను. నా జోకుల్లో అక్షరాలా నిజమైంది అదొక్కటే.

సాయంత్రానికి వేలు వంకాయలా ఉబ్బింది. ఆయన తనలో తాను తండా భాషలో ఏదో గొణుక్కుంటున్నాడు. నాకు ఆ భాష రాదు కాబట్టి మధ్యలో మాట అందుకోలేకపోయాను. మర్నాడు ఊళ్లో వైద్యం చేసే ఒకాయన ముల్లు గుచ్చుకుందేమోనని సూది వేసి పంపాడు. మూడో రోజు వరంగల్‌లో డాక్టరమ్మ వేలు పట్టుకోకముందే ఏం మిషను, ఎన్నడు తగిలింది అని అడిగింది. తగిలిన గంటలోనే రావాల్సింది అంది. లోపల రంగు పాకిపోయిందట. రెండు కణుపులు తీసేశారు.

కట్లు విప్పిన వారానికి కొత్త పైపు పార్సిల్లో వచ్చింది. ఈసారి అన్నీ పద్ధతిగా చేశాను. మిషను ఆపి, వాల్వు తిప్పి, గన్నును బకెట్‌లోకి నొక్కి లోపల మిగిలిన ఒత్తిడంతా కక్కించాను. రెండు పానాలు పట్టి పాతది విప్పాను, కొత్తది బిగించాను. నీళ్లు పట్టించి, అతుకు దగ్గర వేలు కాకుండా అట్టముక్క పెట్టి చూశాను. అట్ట తడవలేదు. నీళ్లు తీసి రంగు పట్టించాను. పక్కన పెట్టుకున్న చాయ్ ఇంకా వేడిగానే ఉంది. అంతే పని.

గోదాము గడప మీద కూర్చుని చూస్తున్న అన్న లేచి వచ్చాడు.

"ఇటియ్యి."

గన్ను మూడో గోడకు పట్టి, చూపుడువేలు లేనిచోట తక్కిన వేళ్లతో మీట నొక్కాడు. గన్ను ఊగింది. ఒకేచోట దట్టంగా పడిన రంగు మెల్లగా కిందికి జారింది. ఇద్దరం దాన్నే చూశాం.

"అచ్చం నీ లెక్కనే కొట్టిన గదరా తమ్మీ," అన్నాడు.

అక్కడ జోకు వేయాల్సింది నేను. "పది దినాలు కొడితే చెయ్యి కుదురుతదే," అన్నాను.

"గదే మాట నవ్వుకుంట చెప్పు. అప్పుడు నమ్ముత."

నవ్వు రాలేదు. ఆయన గన్ను నా చేతిలో పెట్టి, ఎడమచేత్తో రంగు కలిపే కర్ర అందుకున్నాడు. గోదాముకు ఇంకా రెండు గోడలు మిగిలాయి. కొత్త పైపు ఎటు తిప్పితే అటు తిరిగింది. రెండు గోడలూ చీమిడి కారాయి.