యాదమ్మ కుట్టుమిషను ఫోరం మెట్లెక్కిన రోజు

1994. సంగారెడ్డి కోర్టుల ఎదురుగా ఒక జిరాక్స్ షాపు పంచలో నా టైపు మిషను ఉండేది. వకీళ్లు రాసిచ్చినవి కొట్టి పెట్టడమే నా పని. జిల్లాలో వినియోగదారుల ఫోరం ఉందని, అందులో వకీలు లేకుండా మన కేసు మనమే వేసుకోవచ్చని అప్పటికి చాలామందికి తెలియదు. నేను ఆ చట్టం చదివాను గానీ, అట్లా వేసిన మనిషిని మాత్రం చూడలేదు.

ఒకరోజు గుమ్మడిదల నుంచి యాదమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. పటాన్‌చెరులో కొత్త కుట్టుమిషను కొన్నదట. పాశమైలారం ఫ్యాక్టరీకి ఏప్రాన్లు కుట్టే ఆర్డరు పట్టింది.

"నాలుగు కుట్లు పడ్తయక్కా, ఐదోది ఎగిరిపోతది. కింద దారమంత ఉండ కడ్తది. మొత్తం మాలు వాపస్ పంపిన్రు."

"దుకాణపాయన ఏమన్నడు?"

"నాలుగుసార్లు పోయిన. మిషిన్ మంచిగనే ఉన్నది, నీకే కుట్టరాదన్నడు."

రసీదు, గ్యారంటీ కార్డు భద్రంగా తెచ్చింది. ఐదు కాగితాల మధ్య నాలుగు కార్బన్లు పెట్టి కంప్లైంట్ కొట్టాను. చివర ప్రేయర్, అంటే మనకేం కావాలో అడిగే పేరా, అందులో కొత్త మిషను, ఖర్చులు అడిగాను. ఫోరం గుమాస్తా కాగితాలు తిరగేసి, "వకాలత్ ఏది?" అన్నాడు.

"వకీలు అక్కర లేదు సార్. ఆమెనే మాట్లాడుకుంటది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన లోపలికెళ్లి అడిగొచ్చి, ముద్ర వేసి నంబరిచ్చాడు. బయటికి రాగానే ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం.

వాయిదా రోజున నా టైపు మిషను మూసేసి ఫోరం హాల్లో వెనక బెంచీ మీద కూర్చున్నాను. దుకాణం తరఫు వకీలు లేచి, మిషను బాగానే ఉందని, ఫిర్యాదుదారుకే పని రాదని చెప్పాడు. సాక్షిగా తమ మెకానిక్‌ను కూడా తెచ్చుకున్నాడు.

"నీ దగ్గర రుజువేముందమ్మా?" అన్నారు ఫోరం అధ్యక్షులు.

"మిషినే తెచ్చిన సార్. కింద ట్రాలీ ఆటోల ఉన్నది."

హాలంతా గుసగుసలు. వకీలు అభ్యంతరం చెప్పినా అధ్యక్షులు వినలేదు. నలుగురు పట్టి స్టాండుతో సహా మెట్లెక్కించారు. యాదమ్మ కూర్చుని తొక్కింది. జానెడు కుట్టేలోపే రెండుచోట్ల కుట్టు ఎగిరింది.

"కావాలనే చేస్తోంది!" అన్నాడు వకీలు.

సభ్యురాలైన మేడమ్ మెకానిక్ వైపు తిరిగారు. "అయితే నువ్వు కుట్టు బాబూ."

అతను సూది మార్చాడు, దారం బిగువు సరిచేశాడు, తొక్కాడు. కుట్టు ఎగిరింది. మళ్లీ తొక్కాడు, కింద దారం ఉండకట్టింది. దుకాణం యజమాని కళ్లెర్రజేసి చూస్తూనే ఉన్నాడు. మెకానిక్ తల వంచుకుని, "కింద దారం తిప్పే షటిల్‌లనే తేడా ఉన్నది మేడమ్. ఎవరు కుట్టినా గింతే" అన్నాడు. ఎగిరి గంతేయాలనిపించింది!

"ఇంకేమైనా చెప్పుకుంటావా?" అని అడిగారు అధ్యక్షులు.

యాదమ్మ లేచి నిలబడింది. "కొత్త మిషిన్ ఇస్తే మంచిదే సార్. గానీ నాకు కుట్టరాదని ఊరంత చెప్పిండు. ఒక్కలు గుడ్డ ఇస్తలేరు. నాకు కుట్టొస్తదని జెర కాగితం మీద రాయున్రి."

"అది నీ ప్రేయర్‌లో లేదు కదమ్మా" అన్నారాయన.

వెనక బెంచీ మీద నేను నాలుక కరుచుకున్నాను. ఇంకేం కావాలని ఆమెను అడగాలని నాకు తట్టనే లేదు.

రెండు వారాలకు ఆర్డరు వచ్చింది: కొత్త మిషను, ఖర్చులు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదువుతూ మధ్యలో ఆగిపోయాను. లోపం మిషనుదేనని, ఫిర్యాదుదారు పనితనంలో ఏ లోపమూ లేదని ఒక వాక్యం రాశారు. యాదమ్మ దాన్ని మూడుసార్లు చదివించుకుంది. "గా ముక్క తెలుగుల కొట్టియ్యక్కా, ఇంటి ముంగట అతికిస్త" అంది. డబ్బులు తీసుకోకుండా పెద్ద అక్షరాలతో కొట్టిచ్చాను.

ఆ తర్వాత చాలా కంప్లైంట్లు కొట్టాను. ప్రేయర్ దగ్గరికి రాగానే చేతులు మిషను మీద నుంచి తీసి, "సామాను, పైసలు కాకుండ ఇంకేమన్న అడగాల్నా?" అంటాను. చాలామంది వెంటనే చెప్పరు. చెప్పేదాకా ఆగడం నేర్చుకున్నాను.