ఏడో చప్పుడు

నా చిన్నప్పుడు, అంటే యాభై ఏళ్ల కిందటి మాట, రాయదుర్గం గుట్టల్లో మా ఇంటివాళ్లంతా రాళ్లు కొట్టేవారు. ఇప్పుడు అద్దాల మేడలున్నాయే, అక్కడే. బండకు రంధ్రాలు వేసి, పేలుడు మందు కూరి, వత్తులు అంటించి మగవాళ్లు పరుగెత్తుకొచ్చేవారు. పెద్ద రాతిగుండు చాటున కూర్చుని చప్పుళ్లు లెక్కపెట్టడం ఆడవాళ్ల పని, పిల్లల పని. ఎన్ని వత్తులు అంటిస్తే అన్ని చప్పుళ్లు రావాలి. ఒక్కటి తగ్గినా మర్నాటిదాకా ఆ బండ దగ్గరకు ఎవరూ పోకూడదు.

ఆ రోజు ఏడు వత్తులు అంటించారు. రాయి తొందరగా లారీకెక్కితే సాయంత్రం నన్ను పట్నంలో ఎగ్జిబిషన్‌కు తీసుకుపోతానని మా చిన్నాన్న మాటిచ్చాడు. పొద్దున్నుంచీ నా బుర్రలో రంగులరాట్నమే తిరుగుతోంది.

చప్పుళ్లు ఆగాక మా తాత ఆరే వినబడ్డాయన్నాడు. ఏళ్ల తరబడి మందుతో పనిచేసిన మనిషి. చిన్నాన్న నవ్వాడు.

"రెండు ఒక్కపారే పేలినయి నాయినా. నీకు జర సరిగ ఇనబడదు గద."

చిన్నాన్న పనిలోకి వచ్చి ఏడాది కూడా కాలేదు. మందు సంగతి ఆయనకు తెలిసింది అంతంతమాత్రమే. అయినా అందరూ ఆయన మాటకే తలూపారు. లారీ వచ్చి నిలబడి ఉంది, రేపటిదాకా ఎవరాగుతారు? చిన్నాన్న నావైపు తిరిగి నువ్వెన్ని లెక్కపెట్టావని అడిగాడు. ఏడు, అన్నాను. తడుముకోకుండా అన్నాను, పాపిష్టిదాన్ని.

తాత భుజం పట్టుకుని ఆపబోయాడు. చిన్నాన్న విడిపించుకుని, సమ్మెట తీసుకుని బండెక్కాడు. మొదటి దెబ్బకే ఆ మిగిలింది పేలింది. ఆయన్ని దవాఖానకు తీసుకుపోయే అవసరం కూడా లేకపోయింది.

మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు. అబద్ధమాడి చంపేశానని ఏడుస్తుంటే తాత వచ్చి పక్కన కూర్చున్నాడు. కొడుకును పోగొట్టుకున్న మనిషి నన్ను ఒక్క మాట అనలేదు.

"నువ్వు అబద్ధమాడలే బిడ్డా. నీకు ఏడే ఇనబడ్డయి. మనసుకు ఏది కావాల్నో చెవికి గదే ఇనబడ్తది. మనకు తెల్వని పనిల, మనకు నచ్చిన మాట చెప్పెటోడు దొరికితె గప్పుడే భయపడాలె."

నాకిప్పుడు అరవై దాటాయి. మొన్న ఇద్దరు డాక్టర్లు నా గుండె గురించి రెండు రకాలుగా చెప్పారు. ఆపరేషన్ అక్కర్లేదన్నాయన మాట ప్రాణానికి ఎంత హాయిగా ఉందో! అంత హాయిగా ఉందనే భయం వేసి మూడో డాక్టరు దగ్గరకు వెళ్లాను. ఆరోజు తాత చెప్పిన లెక్కే నిజమని నాకు తెలుసు. అయినా ఇప్పటికీ కళ్లు మూసుకుని ఆ చప్పుళ్లు లెక్కపెడితే, నాకు ఏడే వినబడతాయి.